ఇప్పచెట్ల కింద చీపురు

మా హన్మకొండ కాలనీలో ఎవరైనా ఎండుటాకులు కాలిస్తే, ఆ పొగ ముక్కుకు తగలగానే బకెట్టు పట్టుకుని కిందికి దిగిపోతాను. రిటైరైనా అడవి పిచ్చి వదల్లేదని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఆ పిచ్చి అంటించింది మా రేంజర్ రాజమల్లు సారు.

ఎనభైలలో నేను నర్సంపేట అవతలి అభయారణ్యంలో ఫారెస్టరుని. వాతావరణ మార్పు అనే మాట అప్పటికి మా చెవిన పడలేదు. వానలు వరసగా మొహం చాటేశాయనీ, శివరాత్రికే అడవి పెళపెళలాడుతోందనీ మాత్రం తెలుసు. దుప్పులకు నీళ్ళు మిగిలింది ఒక్క మడుగులోనే. దాని చుట్టూ ఇప్పచెట్లు. ఇప్పపువ్వు రాలితే ఏరుకోవడానికి వీలుగా, ముందే చెట్టు కింద ఆకులు కాల్చి నేల శుభ్రం చేసుకోవడం గూడెంవాళ్ళ అలవాటు. వానలు బాగా పడిన ఏడాదుల్లో ఆ మంట దానంతటదే ఆరిపోయేది. ఆ ఏడు ఆరే రకం కాదు.

పువ్వు ఏరేవాళ్ళను అడవిలోకి రానివ్వొద్దని పైనుంచి ఆర్డరొచ్చింది. సారు నన్ను వెంటబెట్టుకుని వరంగల్‌లో పెద్దాఫీసరు ముందుకెళ్ళారు.

"రూలంటే రూలే, రాజమల్లూ," అన్నాడాయన.

"రూలు రాసిననాడు వానలు పడ్డయి సార్. కాలం మారింది, మనం మారొద్దా? గేటు మూస్తె దొంగతనంగ వస్తరు, నిప్పు పెట్టి ఉరుకుతరు. తెరిస్తె మనతోనే ఉంటరు."

"మడుగు తగలబడితే నీ ఉద్యోగం పోతుంది."

"పోతె పోనియ్యుండ్రి. నాగలి పట్టుకుంట. దుప్పులకు ఇంకో మడుగు లేదు గద!"

పెద్దాఫీసరు ఆర్డరు మార్చలేదు. సారు మాత్రం తిరిగొచ్చి అడవి గేటు తెరిపించారు.

మర్నాడు జీపు నిండా చీపుళ్ళతో గూడేనికి వెళ్ళాం. అక్కడి పెద్దదిక్కు లచ్చక్క నడుం మీద చెయ్యేసుకుని నిలదీసింది. "తాతల సంది కాలుస్తానం. అడవిని ఊడ్వాల్నా? దిమాక్ ఖరాబైందా సారూ?"

"ఐంది అక్కా. ఈ ఏడు కాలిస్తె చెట్టే ఉండదు. జర నా మాట విను, నేను గూడ ఊడుస్త."

అని నిజంగానే ఖాకీ చేతులు మడిచి మొదలుపెట్టారు. ఆ ఊడ్పు చూడలేక లచ్చక్క పకపకా నవ్వి, "గట్ల ఊడుస్తె ఎండకాలం ఐపోతది, ఇటియ్యి" అంటూ చీపురు లాక్కుంది. గూడెమంతా కదిలింది. చెట్ల కిందే కాదు, మడుగు చుట్టూ ఆకన్నది లేకుండా ఊడ్చారు.

తర్వాత ఒక మిట్టమధ్యాహ్నం బండ్లబాట వైపు నుంచి మంట లేచింది. ఎవరు పారేసిన బీడీయో! గేటు మూసి ఉంటే పువ్వు ఏరుతున్న గూడెంవాళ్ళంతా కేసుల భయంతో ఊళ్ళోకి పరుగెత్తేవాళ్ళు. ఇప్పుడు మాత్రం గంపలు పక్కన పడేసి, పచ్చికొమ్మలు విరుచుకుని మంటకే ఎదురు పరుగెత్తారు. ముందర లచ్చక్క, పక్కన సారు. ఊడ్చిన నేల దగ్గరికొచ్చి మంట అందుకోవడానికి ఆకు దొరక్క చచ్చిపోయింది. ఆ సాయంత్రం మసి మొహాలతో కూర్చుని, దుప్పులు నీళ్ళు తాగడం చూశాం. నాకు ఏడుపు ఆగలేదు.

గేటెందుకు తెరిచావని సారుకు మెమో వచ్చింది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని మరుసటేడు కూడా తెరిచారు. నేను రేంజరునయ్యాక నా వంతు మెమోలు నేనూ తిన్నాను, గేటు మాత్రం మూయలేదు.

ఇవాళ పొద్దున కూడా పొగ వాసనకు దిగాను. "ఆకులే గద అంకుల్, కాలిస్తె ఏమైతది?" అన్నాడు పక్కింటాయన. బకెట్టు కుమ్మరించి చీపురు అందుకున్నాను.

"జర నా మాట విను. నేను గూడ ఊడుస్త."