అరిచే తలుపున్న గది

ఆయన ఉన్నన్నాళ్ళూ పొద్దుగూకగానే వీధి తలుపు వేసే పని ఆయనదే. తాళాలు బాగుచేసే మనిషి. పగలంతా ఊళ్ళోవాళ్ళ తలుపుల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చివరికి సొంత తలుపు దగ్గరికి వచ్చేవాడు. అది కిర్రుమని గొణిగేది. గడియ పెట్టి, తాళంచెవి తిప్పి, పిడి పట్టుకుని ఒక్కసారి లాగి చూసి, "ఇక నీ ఇష్టం" అనేవాడు. అంటే ఇక హాయిగా పడుకోమని. ఆ మాట చెవిన పడ్డాక ఆయన భార్యకు లోకంతో పని ఉండేది కాదు. పక్క మీద ఒరిగితే మళ్ళీ తెల్లారడమే.

ఇప్పుడా పని ఆమె మీద పడింది. గడియ పెడుతుంది, తాళం తిప్పుతుంది, లాగుతుంది. వంటింటి దాకా వెళ్ళి, నమ్మకం చాలక మళ్ళీ వచ్చి లాగుతుంది. లాగి లాగి పిడి మరలు కూడా వదులయ్యాయి. తాళాలాయన ఇంటి పిడే ఊడి వచ్చిందంటే నలుగురూ నవ్విపోరూ? అందుకే ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆఖరికి బట్టల పెట్టె ఈడ్చుకొచ్చి తలుపుకు ఆనించి, దానికేసి చూస్తూ కూర్చుంటుంది. చీమ చిటుక్కుమన్నా లేచి నిలబడుతుంది.

ఈ భయం ఆయన కబుర్లలోంచే వచ్చిందని ఆమె అనుకునేది. అన్నం తింటూ ఏ తాళం ఎంత సులువుగా ఊడి వస్తుందో చెప్పేవాడు. ఆయన పక్కనుంటే అవి నవ్వుకునే కథలు. ఆయన పోయాక ఆ కథల్లోని దొంగలందరూ వచ్చి ఆమె గుమ్మం ముందు నిలబడ్డారు.

ఇంత భయపడే ఆమె ఓడెక్కాల్సి వచ్చింది. "ఊరందరికీ తలుపులు బిగించాను. ఒక్కసారైనా ఏ తలుపూ లేని చోట కూర్చోవాలే" అని ఆయన సముద్రం మీద తిప్పి తీసుకొచ్చే ఓడకు ఇద్దరికీ టిక్కెట్లు తీశాడు. ఓడ కదలకముందే తను వెళ్ళిపోయాడు. ఆయన బదులు ఇప్పుడు ఆయన చెల్లెలు వస్తోంది. రెడీమేడ్ బట్టల కొట్లో కుట్టుపని చేసే మనిషి. మిషను ఆగినా నోరు ఆగదు.

ఓడ పొద్దున్నే బయల్దేరుతుంది కాబట్టి ముందు రోజే వెళ్ళి రేవు పట్నంలో ఒక రాత్రి ఉండాలి. ఆమెకు ప్రాణం మీదికి వచ్చింది ఆ ఒక్క రాత్రే.

"సముద్రానికి భయపడాలి గానీ గదికెందుకు వదినా?" అంది ఆడపడుచు బస్సులో.

"సముద్రం తలుపు తీసుకుని లోపలికి రాదు కదే. చీకటి పడేలోగా నాకు నిద్రపట్టే గది దొరక్కపోతే, వచ్చిన బస్సుకే తిరిగి వెళ్ళిపోతాను. తర్వాత నన్నేమీ అనకు."

"అన్నయ్య ఓడ నువ్వెక్కకపోతే నేనొక్కదాన్నీ ఎక్కుతానా? బాగుంది!"

గది ముందుగా మాట్లాడుకోలేదు. ఆ ఇంట్లో ఆ అలవాటే లేదు. ఏ ఊరెళ్ళినా ఆడవాళ్ళు కింద సామాను దగ్గర నిలబడేవారు. ఆయన పైకి వెళ్ళి, తలుపు చూసి, కిటికీలోంచి చెయ్యి ఊపేవాడు. అప్పుడు వీళ్ళు మెట్లెక్కేవారు.

రేవు గేటు ఎదురుగా అద్దాల హోటలు ముందు టాక్సీ దిగారు. సామాను దించుకుని ఇద్దరూ గోడవారగా నిలబడ్డారు. ఎండ మొహానికి కొడుతోంది. ఇద్దరూ పైకి, కిటికీలకేసి చూస్తున్నారు. కాసేపటికి హోటలు కాపలావాడు వచ్చి, "ఎవరైనా రావాలామ్మా?" అని అడిగాడు.

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఆడపడుచు కిటికీల మీంచి చూపు దించుకుంది.

"ఎవరూ రారు బాబూ" అంది ఆమె, పెట్టె అందుకుంటూ.

గది బాగుంది. పక్క మెత్తగా ఉంది. కిటికీలోంచి తెల్లటి ఓడ, వీధికి వీధే లేచి నీళ్ళ మీద నిలబడినట్టు కనిపిస్తోంది. ఆడపడుచు చెప్పులైనా విప్పకుండా పక్క మీద వాలిపోయింది.

"నన్నిక లేపకు వదినా. ఇక్కడే ఉందాం."

తలుపుకు తాళంచెవి లేదు, కార్డు ఇచ్చారు. ఇంత అట్టముక్కను నమ్ముకుని ఎలా పడుకోవడం? ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళి ఓడను చూసింది. ఆయనుంటే పొద్దుటి దాకా ఇక్కడి నుంచి కదిలేవాడు కాదు కదా అనుకుంటూ వెనక్కి తిరిగింది.

గది మధ్యలో ఒక మగమనిషి నిలబడి ఉన్నాడు.

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక్కి జరిగి కిటికీకి ఆనుకుంది. తలుపు తీసిన చప్పుడు లేదు, అడుగుల చప్పుడు లేదు.

"తువ్వాళ్ళమ్మా" అన్నాడతను, చేతుల్లోని మడతలు చూపిస్తూ. "గది ఖాళీ అనుకున్నాను. క్షమించండి." పాపం, అతనే ఎక్కువ బెదిరిపోయాడు.

అతను వెళ్ళిపోగానే ఆమె సంచి భుజానికి తగిలించుకుంది. ఆడపడుచు కూడా లేచి పెట్టె పట్టుకుంది.

తర్వాత మోకులు అమ్మే కొట్టు మీది గది చూశారు. పక్క గదికీ దీనికీ మధ్య ఒక తలుపుంది. దాని గడియ అవతలి వైపు ఉంది. అవతల ఎవరో దగ్గారు. ఇద్దరూ గబగబా మెట్లు దిగేశారు.

వీధి దీపాలు వెలిగాయి. ఆమె సామాను కింద పెట్టింది. "బస్సు స్టాండు ఎటే?" అని మెల్లగా అడిగింది. ఆడపడుచు వినబడనట్టు నటించి, ఎదురొచ్చిన వాళ్ళనల్లా గది సంగతి అడుగుతూ పోయింది. చివరికి ఎవరో చెప్పగా, ఎత్తు మీది సందులో మేడ మీద గది అద్దెకిచ్చే ఒక పెద్దావిడ ఇంటికి చేరారు.

"గది చిన్నదమ్మా" అంది ఇంటావిడ తాళంచెవి పట్టుకుని పైకెక్కుతూ. "ఓడ కనబడదు, ఎదురింటి గోడ కనబడుతుంది. ఇంకోటి, ఈ తలుపు..."

తలుపు తోసింది. అది వీధి మలుపు దాకా వినబడేలా కిర్రుమని అరిచింది. కింద ఎవరి ఇంట్లోనో పసిపిల్ల ఉలిక్కిపడి ఏడుపందుకుంది.

"అమ్మ బాబోయ్, ఇది తలుపా, సైరనా?" అంది ఆడపడుచు చెవులు మూసుకుని.

ఆమె మాత్రం గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ తలుపును తనే ఒకసారి మూసి, మళ్ళీ తెరిచింది. అరుపు. ఒంట్లో ఎక్కడో బిగుసుకుపోయిన ముడి కొంచెం వదులైంది.

"మా ఇంటి తలుపు కూడా ఇలాగే ఉండేది" అంది ఎవరితోనో అన్నట్టు.

"అవును, అన్నయ్య పోయినప్పుడు పరామర్శకొచ్చేవాళ్ళతో అది ఒకటే గోల. నేనే కదూ మడతబందులకు నూనె వేశాను! వెన్నలా తిరుగుతోంది ఇప్పుడు" అంది ఆడపడుచు గొప్పగా.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. ఊరందరి తలుపులకూ నూనె వేసే మనిషి, సొంత తలుపుకు ఏనాడూ వెయ్యలేదు. బద్ధకమని ఎన్ని దెప్పులు దెప్పింది! "అరవనీ. నేను బయటికెళ్ళినప్పుడు నీకు తోడుగా ఉంటుంది" అనేవాడు. హాస్యమనుకుని వదిలేసింది. ఆ ఇంట్లో చప్పుడు ఆగిన రోజు నుంచే తనకు నిద్ర కరువైందని ఇన్నాళ్ళూ తట్టనే లేదు. ఆడపడుచు మొహం చూసింది. పాపం, మేలు చేద్దామనే చేసింది.

"ఇక్కడే ఉంటాం" అంది ఇంటావిడతో.

తెచ్చుకున్న అన్నం తిన్నారు. ఆమె గడియ పెట్టి, తాళం తిప్పి, పిడి పట్టుకుని లాగింది. భయం పోలేదు. వీధిలో అడుగుల చప్పుడైతే ఇంకా తలుపు వైపే చూస్తోంది. కుర్చీ తెచ్చి తలుపుకు ఆనిద్దామా అని చూసింది. కుర్చీ మీద ఆడపడుచు బట్టలు పరిచి ఉన్నాయి. అలాగే ఉండనిచ్చింది.

"వదినా, గుర్తుగా తెచ్చుకున్న అన్నయ్య నూనె డబ్బా నీ సంచిలో ఉందిగా. ఆ బందులకు రెండు చుక్కలు వెయ్యి. లేకపోతే పొద్దున మనం బయల్దేరేసరికి వీధంతా వచ్చి టాటా చెబుతుంది."

"వేస్తాలే. నువ్వు పడుకో."

సంచిలోంచి డబ్బా తీసింది. ఆయన బొటనవేలు ఆనిన చోట రంగు పోయి నున్నగా మెరుస్తోంది. కాసేపు అక్కడే తన వేలు పెట్టుకుని కూర్చుంది. మూత తియ్యలేదు. మళ్ళీ గుడ్డలో చుట్టి, సంచి అడుగున, ఓడ టిక్కెట్ల పక్కన పెట్టి, తలుపుకు వీపు చేసి పడుకుంది.