రాన్వేగ్ ఎడమ పాదం

రాన్వేగ్‌కు నడుం నొప్పి కొత్తేమీ కాదు. సెప్టెంబరులో అందరి మందలూ కలగలిసి కొండ దిగినప్పుడు, లోయలోని మగాళ్లంతా ఆపసోపాలు పడుతుంటే, ఆవిడ గొర్రెను మోకాళ్ల మధ్య ఇరికించి, కొమ్ములు పట్టి, ఎవరి గొర్రెో తెలిపే చెవి గాటు తడిమి, తమ దొడ్లోకి ఈడ్చుకుపోయేది. అలాంటి మనిషికి నడుం నొయ్యకపోతేనే వింత! ఈ ఏప్రిల్లో మాత్రం ఎడమ పాదం పట్టు తప్పింది. నడుస్తుంటే బూటు ముందుభాగం నేలకు రాసుకుంటోంది.

"డిస్కు జారి నరాన్ని నొక్కుతోందమ్మా," అన్నాడు పట్నం డాక్టరు. "ఉత్త నొప్పే అయితే ఆగమనేవాణ్ణి. పాదమే పడిపోతోంది. ఆపరేషన్ ఆలస్యమైతే బలం తిరిగి రాకపోవచ్చు. నిర్ణయం మీదే."

"గొర్రెలు ఈననివ్వండి, వస్తాను," అందావిడ. ఆ లోయలో పెళ్లిళ్లూ పంటినొప్పులూ కూడా ఈతలయ్యేదాకా ఆగాల్సిందే మరి.

మొగుడు ఓర్వార్ నోట్లో నాలుక లేని మనిషి. అలాంటివాడు కారెక్కగానే అరిచాడు. "ఈనేది గొర్రెలే, నువ్వు కాదు! పక్కవాళ్లు చూసుకుంటార్లే. పాదం పోతే మళ్లీ మొలుస్తుందా?"

ఆ వారమే ఆపరేషనయింది. నొప్పి పోయింది, పాదం మాత్రం లేవలేదు. "మడమ నేలకానించి వేళ్లు పైకెత్తండి," అనేది ఫిజియోథెరపీ అమ్మాయి. వేళ్లు చచ్చినట్టు పడుండేవి. ఊరి వేడినీళ్ల కొలనులో నడుస్తుంటే, "నీ ఈతలింకా అవలేదుటే?" అని ఇరుగుపొరుగు ఆటపట్టించేవారు. ఆవిడా నవ్వేది. ఇంటికొచ్చాక నవ్వేది కాదు. పాదం రాకపోతే చలికాలం ముందే మందను అమ్మేయాలని ఇద్దరికీ తెలుసు.

సెప్టెంబరు రానే వచ్చింది. వంగొద్దు, బరువులు లాగొద్దు అన్నారని ఆవిణ్ణి దొడ్డి బయట బల్ల మీద కూర్చోబెట్టారు. ఓర్వార్ రొప్పుకుంటూ ఓ గొర్రెను తీసుకెళ్లి సరాసరి పక్కవాళ్ల దొడ్డి వైపు తిప్పాడు.

"ఏమయ్యా, చెవి తడిమి చూశావా? అది మనదయ్యా! ఇన్నేళ్లు కాపురం చేసి సొంత గాటు తెలీదా? నీ బుర్ర కొండ మీదే వదిలేసి వచ్చావా?"

ఓర్వార్ కొమ్ములు వదిలేశాడు. గొర్రె చెంగున పారిపోయింది.

"అయ్యో, పట్టుకోవయ్యా! నన్నేం చూస్తావు?"

"గొర్రె సంగతి తర్వాతే. నీ కాలు చూసుకో!"

చూసుకుంది. కోపంలో మడమ ఆనించి, బూటు ముందుభాగంతో నేలను టపటపా కొడుతోంది, ఎడమ కాలితోనే. ఆపింది. కావాలనే మళ్లీ ఎత్తింది. పాదం లేచింది.

రాన్వేగ్ దగ్గరికొచ్చిన మొగుడి ఉన్ని చొక్కా పట్టుకుని, ఊరంతా చూస్తుండగానే వెక్కివెక్కి ఏడ్చింది.