పండులింగం మింగిన ఊరు

ఒక ఊరిని నేను ఒక్క వేలితో మాయం చేశాను. వరద రాలేదు, కొండచరియ విరిగిపడలేదు, ఎవరూ ఇల్లు ఖాళీ చేయలేదు. ఆ ఊళ్ళో కోళ్ళు కోళ్ళలాగే తిరుగుతున్నాయి, పొయ్యిల మీద అంబలి కాగుతూనే ఉంది. అయినా ఊరు పోయింది. ఎలా పోయిందో చెబుతాను. మధ్యలో నన్ను తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి. తిట్టేవాళ్ళు ఇప్పటికే వరసలో ఉన్నారు, వాళ్ళ వెనకాల నిలబడండి.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. విశాఖపట్నంలో కంప్యూటర్ కోర్సు పూర్తిచేసి అరకు పక్కనున్న మా ఊరికి తిరిగొచ్చాను. చేతిలో సర్టిఫికెట్ ఉంది, ల్యాప్‌టాప్ ఉంది, లోకాన్ని బాగుచేయాలన్న పట్టుదల ఉంది. లోకం మాత్రం బాగానే ఉంది. అదే వచ్చిన చిక్కు.

మా చుట్టుపక్కల కొండల మీద పాతిక ఊళ్ళలో కాఫీ తోటలున్నాయి. కోసిన కాఫీ పండుకి ఆ రోజే తొక్క తీసెయ్యాలి. తీయకపోతే పండు పులిసిపోతుంది, గింజకి వాసన పట్టేస్తుంది, ఏడాది కష్టం నీళ్ళపాలవుతుంది. అందుకని ఊళ్ళన్నిటికీ కలిపి ఇంజన్‌తో నడిచే తొక్కతీసే మిషన్ ఒకటుంది. కోతల కాలంలో సాలూరు నుంచి వచ్చిన సూరిబాబు అనే డ్రైవరు దాన్ని జీపులో వేసుకుని రోజుకో ఊరు తిరుగుతాడు. ఏ రోజు ఏ ఊరికి వెళ్ళాలో తేల్చేది వాట్సాప్ గ్రూపు. ఆ గ్రూపుని నడిపేది మా అమ్మ చెల్లెలు, కొండమ్మ పిన్ని.

ఆ గ్రూపులో ఎవరూ అక్షరం ముక్క రాయరు. అంతా వాయిస్‌లే. రేపు పండు కోస్తున్నవాళ్ళు ఈరోజు గొంతు పంపిస్తారు. పిన్ని అన్నీ విని, సాయంత్రం తన తోటలో గట్టు మీద కూర్చుని, రేపు మిషన్ ఎక్కడికి వెళ్తుందో ఒక్క వాయిస్‌లో చెప్పేస్తుంది. ఆ మాటకి తిరుగులేదు.

నన్ను గ్రూపులో చేర్చిన రోజున ఒక వాయిస్ విన్నాను. ముందు మేక అరిచింది, తర్వాత చంటిబిడ్డ ఏడ్చింది, తర్వాత ఎవరో ఎవర్నో నీళ్ళు తెమ్మన్నారు, ఆ తర్వాత అసలు విషయం వచ్చింది: "మా కొత్తవలసకి మిషన్ కావాల. వాగు దాటి పైకెక్కితే ఉంటాది సూడు, సింతసెట్టు కాడ, అదే, మొన్న సోములు కూతుర్ని ఇచ్చినారే, ఆ కొత్తవలస."

నేను తల పట్టుకున్నాను. ఇదొక పద్ధతా? ఊరి పేరు, తేదీ, బస్తాల లెక్క, మూడు గడులతో అయిపోయే పనికి మేకెందుకు, బిడ్డెందుకు, సోములు కూతురెందుకు? ఆ సాయంత్రమే పిన్ని దగ్గరికి వెళ్ళి, మన గ్రూపుకి సొంత యాప్ కావాలని చెప్పాను.

"గ్రూపు ఉన్నాది గదమ్మీ. యాప్ ఏటికి?" అంది పిన్ని.

"యాప్‌లో అయితే మాట్లాడక్కర్లేదు పిన్నీ."

"మాటాడకుంటే మిషన్ ఎలాగొస్తాది?"

"నొక్కితే వస్తుంది."

పిన్ని తన ఫోను అటూ ఇటూ తిప్పి చూసింది. "మాటాడితే వస్తన్నాది గదా. మరి నొక్కడమెందుకు?"

మూడేళ్ళ కోర్సులో నన్నెవరూ అడగని ప్రశ్న అది.  బుద్ధున్నవాళ్ళయితే అక్కడితో ఆగిపోతారు. నేను యాప్ చేశాను.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటారు. నేను పట్టిన కుందేలుకి కాళ్ళే లేవు, లాగిన్ మాత్రం ఉంది. రెండు నెలలు పొద్దున లేచింది మొదలు అదే పని. అమ్మ అన్నం పెడితే తిన్నాను, పెట్టకపోతే తినలేదన్న సంగతి తెలియలేదు. యాప్‌కి 'పండు లింక్' అని పేరు పెట్టాను. ఎర్రటి పండు, దాని మీద ఆకుపచ్చ టిక్కు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. జనం నోట్లో మాత్రం అది రెండు రోజుల్లోనే 'పండులింగం' అయింది. సంతలో ఒక ముసలాయన నన్ను ఆపి, ఈ పండులింగం ఏ ఊరోడు, ఎవరి తాలూకు అని అడిగాడు.

నవ్వకండి. అసలు ఘనకార్యం ఇంకా రాలేదు.

యాప్‌లో ఊరిని ఎంచుకోవడానికి ఒక జాబితా ఉండాలి కదా. మూడు మండలాల ఊళ్ళ పేర్లు సంపాదించి ఒకేసారి ఎక్కించాను. కంప్యూటర్ ఒప్పుకోలేదు. 'కొత్తవలస' రెండుసార్లు ఉంది, ఒకటి తీసేయమంది. ఎవరో పొరపాటున రెండుసార్లు రాసి ఉంటారనుకున్నాను. మా కొండల్లో పుట్టిన పిల్లకి, నాలుగు కుటుంబాలు కొత్తగా గుడిసెలు వేసుకున్న ప్రతిచోటూ కొత్తవలసేనన్న సంగతి తెలియదా? తెలుసు. కానీ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాక నేను కొండపిల్లని కాను, ఇంజనీర్ని. పైన ఉన్న పేరు ఉంచి, కింద ఉన్న పేరు మీద వేలుపెట్టి తీసేశాను. కంప్యూటర్ సంతోషించింది. నేనూ సంతోషించాను.

ఆ పైన ఉంచిన కొత్తవలస ముంచింగిపుట్టు దారిలో ఎక్కడో ఉంది. కింద తీసేసింది, వాగు దాటి పైకెక్కితే చింతచెట్టు దగ్గరుండే మన ఎగువ కొత్తవలస.

శుక్రవారం అరకు సంతలో గొడుగు వేసుకుని కూర్చుని అందరి ఫోన్లలో యాప్ ఎక్కించాను. సగం ఫోన్లలో చోటు లేదు. ఏదో ఒకటి తీసెయ్యాలంటే, భీమన్న తాత తన మేకల ఫొటోలు తీసెయ్యడానికి ససేమిరా ఒప్పుకోలేదు. ఒకావిడ చర్చి పాటలు తీసెయ్యనంది. మిగతావాళ్ళు ఊరెళ్ళి లాగిన్ చేద్దామనుకుంటే కొన్ని ఊళ్ళలో ఓటీపీ రావడానికి సిగ్నల్ లేదు. సిగ్నల్ ఉన్న బండరాయి ఎక్కేసరికి నేను పెట్టిన రెండు నిమిషాల గడువు అయిపోయేది. ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. ఆ వారంలో మా ఊళ్ళ మగవాళ్ళు కాఫీ కోసినదానికంటే బండ ఎక్కిందే ఎక్కువని పిన్ని చెప్పింది.

ఇంతైనా నేను వెనక్కి తగ్గలేదు. జనం పాత అలవాటు వదలడం లేదంటే తప్పు పాత గ్రూపుదేనని తేల్చాను. పిన్ని ఫోను అడిగి తీసుకుని నన్ను కూడా అడ్మిన్‌ని చేసుకున్నాను. గ్రూపులో అడ్మిన్ తప్ప ఎవరూ మాట్లాడకూడదని తాళం వేశాను. పిన్ని మనసు మెత్తబడి తాళం తీస్తుందేమోనని, ఆవిడనే అడ్మిన్ పదవి నుంచి తీసేశాను. పెంచి పోషించిన గ్రూపులోనే నోరు కట్టేసినా పిన్ని నన్ను తిట్టలేదు. ఫోను కొంగున చుట్టుకుని, "సరే, సూద్దాం" అంది. ఆ మాట విన్నప్పుడైనా నాకు భయం వేసి ఉండాల్సింది.

ఆ పై వారం, సోమవారం పొద్దున సూరిబాబు ఫోన్ చేశాడు. ఎగువ కొత్తవలసలో ఉండే మా దూరపు చుట్టం బుచ్చమ్మత్త, ముందురోజే యాప్‌లో 'కొత్తవలస' అని నొక్కింది; వాళ్ళు పది కుటుంబాలు కలిసి పండు కోస్తున్నారని అతనికి తెలుసు. కానీ యాప్ అతన్ని వేరే దారి పట్టమంటోంది.

"ఇదేటి పాపా, కిందకి సూపిస్తన్నాది? మనోళ్ళ కొత్తవలస పైనుంది గదా."

"కొత్తవలస ఒక్కటే బాబాయ్. మ్యాప్ ఎక్కడ చూపిస్తే అక్కడికి వెళ్ళు."

"నాకు దారి తెలుసమ్మా."

"నీకు తెలిసిన దారి వదిలేయ్. మ్యాప్ తప్పు చెప్పదు."

పాపం, మైదానపు మనిషి. పెద్ద చదువు చదివిన పిల్ల చెప్పింది కదా అని జీపు తిప్పాడు. నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మ్యాప్ మీద చిన్న జీపు బొమ్మ కదలడం చూస్తూ, బిడ్డ తొలి అడుగులు చూసిన తల్లిలా మురిసిపోయాను. దాదాపు మూడు గంటల తర్వాత కొత్తవలస గడిలో ఆకుపచ్చ టిక్కు పడింది. మిషన్ చేరింది.

అంతలో బుచ్చమ్మత్త ఫోన్ చేసింది. పండు కోసి కుప్ప పోసి కూర్చున్నామని, మిషన్ ఇంకా రాలేదని చెప్పింది.

వచ్చింది అత్తా, అన్నాను. రాలేదంది. వచ్చిందన్నాను. యాప్‌లో టిక్కు పడిందని, ఇంటి వెనకాల చూడమని, పక్క వీధిలో ఆగి ఉంటుందేమో వెతకమని చెప్పాను.

బుచ్చమ్మత్త కోప్పడలేదు. చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. "మా ఊరికి ఒకటే ఈదమ్మా. నాను ఆ ఈదిలోనే నిలబడ్డాను."

ఫోను చెవి దగ్గరే ఉంది. కళ్ళు మ్యాప్ మీదకి వెళ్ళాయి. వాగు, వాగు అవతల కొండ, కొండ మీద ఖాళీ. పేరు లేదు, చుక్క లేదు. ఆ ఖాళీలో నిలబడి ఒక మనిషి నాతో మాట్లాడుతోంది. వేలు పెట్టి నేను తీసేసింది ఒక అనవసరపు వరసని కాదు, పది కుటుంబాల్ని, వాళ్ళు కోసిన పండుని అని అప్పుడు బుర్రకెక్కింది. 

సూరిబాబుకి ఫోన్ చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు. అక్కడ ఏం జరిగిందో తర్వాత తెలిసింది. జీపులోంచి ఇంజన్ దించగానే ఆ ఊరి ఆడవాళ్ళు చాలా సంతోషించారట. వాళ్ళ పిండిమర పాడై వారమైంది. ఇది కొత్త మర అనుకుని రాగుల బుట్టలతో వరసగా నిలబడ్డారట. ఇది కాఫీ పండుకేనని సూరిబాబు ఎంత చెప్పినా, ఒకసారి వేసి చూడవయ్యా, పోయేదేముందని ఒకటే బతిమాలారట.

నేను చెప్పులేసుకుని వాకిట్లోకి వచ్చేసరికి పిన్ని ఎదురొచ్చింది. గ్రూపులో మాట్లాడే వీల్లేక రెండు కిలోమీటర్లు నడిచొచ్చింది. బుచ్చమ్మత్త ఆవిడకీ ఫోన్ చేసిందట.

"అమ్మీ, నన్ను గ్రూపులో మాటాడనిత్తావా, కొండెక్కి కేకెయ్యమంటావా?"

నేను వెంటనే తాళం తీశాను. పిన్నిని మళ్ళీ అడ్మిన్ చేశాను. పిన్ని ఫోను నోటి దగ్గర పెట్టుకుని నా మీద ఒక్క మాట కూడా చెప్పకుండా, విషయం మాత్రం చెప్పింది. ఎగువ కొత్తవలసలో పండు కోసేశారు, మిషన్ దారి తప్పింది, సేతిమర ఉన్నోళ్ళు బేగి ఎల్లండి. అంతే. నా యాప్ ఒకసారి తెరుచుకునేంత సేపు కూడా పట్టలేదు.

అరగంటలో గ్రూపు నిండా గొంతులు. మేకలు అరిచాయి, పిల్లలు ఏడ్చారు, నాకు అంత తియ్యగా ఎప్పుడూ వినిపించలేదు. ఒకరు మిషన్ రాకముందు చేత్తో తిప్పి పండు తొక్క తీసిన పాత చేతిమరని అటకమీంచి దించుతున్నామన్నారు. ఇంకొకరు బండి మీద కట్టేశామన్నారు. ముంచింగిపుట్టు దారిలోని ఆ కొత్తవలసకి ఆడపిల్లనిచ్చినాయన ఒకడు ఆ వాయిస్ విని, అల్లుడికి చెప్పి, రాగుల బుట్టల మధ్య చిక్కుకున్న సూరిబాబుని వెనక్కి పంపించాడు. సోములు కూతురెందుకని అడిగాను కదా. చుట్టరికాలు ఎందుకో అప్పుడు తెలిసింది.

నేనూ పిన్నీ వాగు దాటి పైకెక్కేసరికి ఎగువ కొత్తవలస ఉన్న ఒక్క వీధిలో ఆరు చేతిమరలు తిరుగుతున్నాయి. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేనూ ఒక మర పిడి పట్టుకున్నాను. పక్కన ఉండి పండు పోస్తున్న బుచ్చమ్మత్త నా చేతుల వంక చూసి, ఇంకా గట్టిగా తిప్పాలని చెప్పింది. తిప్పాను. అరచేతులు బొబ్బలెక్కాయి, భుజాలు ఎవరివో అన్నట్టయిపోయాయి. ఆపమని వాళ్ళు చెప్పినా ఆపలేదు. యాప్ చేయడానికి ఎంత మొండితనం పట్టిందో, అంతకు రెండింతలు ఆ పిడి మీద పెట్టాను. పొద్దు వాలే వేళకి సూరిబాబు జీపు కూడా వచ్చింది. మిగిలిన కుప్ప ఇంజన్ నమిలేసింది. రెండు బస్తాలు మాత్రం పులిసిపోయాయి. అవి మా తోటలో పండు నుంచి భర్తీ చేస్తామని అమ్మ నన్ను అడక్కుండానే చెప్పేసింది.

దిగి వస్తుంటే పిన్నిని అడిగాను, నీకు ముందే తెలుసా అని.

"ఊరు పోతాదని తెల్దు," అంది పిన్ని. "పేరు నొక్కితే పేరే ఎల్తాది గదమ్మీ. గొంతులో అయితే మనిసెవులో, ఊరేదో, తొందరెంతో, అన్నీ ఎల్తాయి. నీకది సప్పుడులా ఇనిపించినాది."

మర్నాడు గ్రూపులో నా జీవితంలో మొదటి వాయిస్ పెట్టాను. నా తప్పేమిటో, జాబితా ఏమిటో, పేరు ఎలా తీసేశానో, ఎందుకు తీసేశానో, కంప్యూటర్లో అలాంటివి ఎందుకు జరుగుతాయో, అన్నీ విడమరిచి ఆరు నిమిషాలు క్షమాపణ చెప్పాను.  తర్వాత పిన్ని గొంతు వచ్చింది.

"తప్పయిపోనాదని ఒక్క ముక్కలో సెప్పమ్మీ. అందరి డేటా అయిపోతన్నాది."

కాబట్టి చదువరులారా, బొబ్బలు మానిన ఈ రెండు చేతులూ జోడించి ప్రమాణం చేస్తున్నాను. నోటితో అయ్యే పనికి ఇక వేలు పెట్టను. ఏ ఊరినీ రెండోసారి రాసిన పేరని అనుకోను. నా కంటే దారి తెలిసిన డ్రైవరుకి దారి చెప్పను. ఇంకో యాప్ చేయాలని ఎప్పుడైనా చేతులు దురద పెడితే, వెంటనే ఎగువ కొత్తవలస వెళ్ళి, దురద తీరేదాకా మర తిప్పి వస్తాను.

ఈ కోతల కాలంలో ఇప్పటికి నాలుగుసార్లు వెళ్ళొచ్చాను.