గాజులో వరుస

మా పెద్దమ్మ ఇరవయ్యేళ్లు ఒక ప్రయోగశాలలో ఎక్స్-రే యంత్రం నడిపింది. గాజులో అణువులు చిందరవందరగా ఉంటాయనీ, దాని మీద ఎక్స్-రే పడితే వచ్చే గ్రాఫు నున్నటి దిబ్బలా ఉండాలనీ అక్కడ అందరి నమ్మకం. ఒకసారి ఒక గాజు పొడికి ఆ దిబ్బ మీద రెండు సన్నటి ముళ్లు లేచాయి. అంటే లోపలెక్కడో అణువులు వరుస కట్టాయన్నమాట. నాలుగుసార్లు పొడి మార్చినా అవే ముళ్లు.

"దుమ్మమ్మా అది. పొడి పెట్టే పలక సరిగ్గా తుడవలేదు నువ్వు," అన్నాడు అక్కడి పెద్దసారు.

"నా చేత్తో తుడిచానండీ. ఒక్కసారి మీరే చూడండి," అంది పెద్దమ్మ.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. గ్రాఫులు చించేయమన్నాడు. చించేసింది.

ఆమె రిటైరైన పదేళ్లకు వేరే ఊళ్లో ఎవరో అదే గాజులో అవే ముళ్లు చూపించి పేరు తెచ్చుకున్నారు. పేపర్లో చదివి వినిపించాను.

"అయితే వాళ్ల సారు విన్నాడన్నమాట," అని పెద్దమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.