గేటు చప్పుడు లేదన్న ఫిర్యాదు

మా అక్క పోలీసు శాఖలో పనిచేస్తుందంటే జనం రెండడుగులు వెనక్కి వేసేవారు. తీరా చూస్తే ఆమెకు లాఠీ లేదు, టోపీ లేదు. చెవులకు హెడ్‌ఫోన్, ఎదురుగా ఒక కంప్యూటర్, అంతే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు చేసే నంబరు వేరు. అక్కది చిల్లర గొడవల నంబరు. దారికి అడ్డంగా పెట్టిన బండి, పోయిన పర్సు, పక్కింటివాళ్ల పాటలు. పన్నెండేళ్లు ఆ కుర్చీలో కూర్చుని ఊరందరి గోడూ వింది.

రోజూ ఫోన్ చేసేవాళ్లకు ఆ గదిలో పేర్లు పెట్టుకున్నారు. అందరిలోకీ పేరు మోసినవాడు గేటు తాతయ్య. ఆయన రిటైరైన కాంపౌండర్. పక్కింట్లో ఒంటరిగా ఉండే దర్జీ తెల్లారకముందే ఇనుప గేటు దబాల్న వేస్తాడని ఆయన బాధ. అక్క భోజనాల దగ్గర ఆయన గొంతుతో మాట్లాడి చూపిస్తే మేమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లం. నేనైతే ఆమె చెప్పులు విప్పకముందే, ఇవాళ తాతయ్య ఏమన్నాడని అడిగేవాణ్ణి. తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

వాళ్ల పనిలో ఒక కిటుకుంది. కొత్త ఫిర్యాదు రాస్తే కానిస్టేబుల్‌ను పంపాలి. పాతదానికి జతచేస్తే ఎవరూ కదలక్కర్లేదు, ఒక్క బటన్ నొక్కితే సరి. తాతయ్య నంబరు తెర మీద కనబడగానే అక్క వేలు దానంతటదే ఆ బటన్ మీదికి పోయేది.

ఒక సోమవారం ఉదయం ఆయన, రెండు రోజులుగా గేటు చప్పుడు లేదు, ఎవరినైనా పంపి చూడమనండి అన్నాడు. చప్పుడుంటే ఒక ఏడుపు, లేకపోతే ఒక ఏడుపు అని అక్క పక్క సీటావిడతో అని, బటన్ నొక్కేసింది. ఇంటికొచ్చి మాకూ చెప్పింది. మేమూ నవ్వాం. మంగళవారం మళ్లీ చేశాడు, మళ్లీ నొక్కింది.

బుధవారం ఆయనే నలుగురిని పోగేసి తలుపు పగలగొట్టించాడు. దర్జీ పక్షవాతం వచ్చి కుట్టుమిషన్ పక్కన పడి ఉన్నాడు. ప్రాణమైతే దక్కింది గానీ మాటా, కుడి చెయ్యీ పోయాయి. ముందే తీసుకొచ్చుంటే ఆ చెయ్యి దక్కేదన్నాడు డాక్టరు.

విచారణ జరిగింది. కాగితాల మీద అక్క తప్పేమీ లేదు. ఫోన్ ఎత్తింది, నమోదు చేసింది. ఎందుకు బాధపడతావమ్మా అన్నాడట పై అధికారి. అక్క మాత్రం వారం రోజులు అన్నం కెలికి లేచిపోయింది.

ఆ తర్వాత తాతయ్యే ఆఫీసుకు వచ్చాడు. దర్జీ మీద పెట్టిన ఫిర్యాదులన్నీ వెనక్కి తీసుకుంటానన్నాడు. ఆ కాగితం నింపే పని అక్కకే పడింది. గొంతు గుర్తుపడతాడేమోనని తల వంచుకుని వీలైనంత తక్కువ మాట్లాడిందట. సంతకం చేస్తూ ఆయన అన్నాడు:

"తప్పు నాదేలెండి. అయినదానికీ కానిదానికీ ఫోన్ చేసి, నా మాటకు నేనే విలువ లేకుండా చేసుకున్నా."

తల ఊపి ఊరుకుంటే అంతటితో పోయేది. అక్క కాసేపు ఊరుకుంది కూడా. ఆ కాసేపే తనను ఇప్పటికీ తినేస్తోందంటుంది. ఆయన చేతికర్ర అందుకుని లేచాక నోరు పెగిలింది.

"ఆ రెండు రోజులూ ఫోన్ ఎత్తింది నేనేనండీ."

ఆయన కోప్పడలేదు. నిలబడి ఆమె ముఖంలోకి చూశాడు.

"అయితే మీకు వినపడిందన్నమాట," అన్నాడు. "లైను బాగోలేదేమో అనుకున్నానమ్మా."