కాలేసాబ్ మోసుకొచ్చిన చిత్రాలు

హిందూపురంలో పరుపులు కుట్టే కాలేసాబ్‌కు చెవుడు లేదు. ఈ సంగతి ఆయనే అందరికీ చెప్పేవాడు, కాస్త గట్టిగానే. దూది ఏకే మిషను పక్కన వయసంతా గడిపిన మనిషి. లోకమే రోజురోజుకూ గొంతు తగ్గించుకుంటోందని ఆయన నిశ్చితాభిప్రాయం. ఎవరేం చెప్పినా సగం వినేవాడు, మిగతా సగం సొంతంగా సమకూర్చుకునేవాడు.

1999లో ఆయన కూతురు సబీనా పెనుకొండలో హాస్టల్లో ఉండి టీచరు ట్రైనింగు చదువుతోంది. కోర్సు చివర ప్రతి విద్యార్థీ తన రచనలూ, ప్రసంగమూ, బొమ్మలూ బయటినుంచి వచ్చే పరీక్షాధికారి ముందు పెట్టాలి. దానికి పోర్ట్‌ఫోలియో అని పేరు. అంతవరకూ మంత్రులకే దక్కిన ఆ మాట పేదపిల్లల దాకా దిగివచ్చింది గానీ, మంత్రులకున్న వెసులుబాటు రాలేదు: మూడింటిలో ఏది తక్కువైనా మళ్ళీ ఏడాది చదవాల్సిందే. సబీనా రంజాన్ సెలవుల్లో వేసిన బొమ్మలు ఇంట్లోనే మరిచిపోయింది.

పరీక్ష ముందురోజు వీధిలోని ఎస్టీడీ బూతుకు ఫోన్ చేసి తండ్రిని పిలిపించింది.

"నాయనా, రేపు పొద్దున్నే నా చిత్రాలన్నీ తీసుకురా. సార్లు అడుగుతాండారు."

"ఏం తేవాల?"

"చిత్రాలన్నీ నాయనా, చిత్రాలన్నీ."

"చిత్రాన్నమా? ఎంతమందికి?"

ఆ ప్రశ్నకు తట్టుకోలేక లైను తెగిపోయింది.

భార్య జమ్రూద్ అనుమానపడింది. "పరీక్షకు చిత్రాన్నం ఎందుకయ్యా? సరిగ్గా విన్యావా?"

"పంతుళ్ళకు పెట్టకుండా యాడన్నా చదువొస్తాదా? అయినా నా చెవులకేమైంది?"

ఆ ఇంట్లో ఏ చర్చయినా ఈ ప్రశ్నతోనే ముగిసేది.

తెల్లవారేసరికి జమ్రూద్ అన్నంలో నిమ్మకాయలు పిండి, శనక్కాయ విత్తనాలు దండిగా వేసి కలిపింది. కాలేసాబ్ తపేలాకు గుడ్డ కట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాడు. కండక్టరు తపేలాకూ టికెట్టు అడిగాడు. ఇలాంటి సమయాల్లో మాత్రం ఆయనకు నిజంగానే వినపడదు.

పరీక్షాధికారి శోభారాణి గోదావరి వైపు ఆవిడ. అప్పటికే సబీనా రచనలు చదివేసి, మిగతా పిల్లల బొమ్మలు తిరగేసి ఉంది. ఒక్కో నెమలీ ధర్మవరం పట్టుచీర కొంగు మీదినుంచి సరాసరి దిగొచ్చినట్టుంది. కాలేసాబ్ గదిలోకి వచ్చి, ఆమె ముందు తపేలా దించి, సగౌరవంగా గుడ్డ విప్పాడు.

సబీనా తండ్రి చెవి దగ్గరికొచ్చి, ఒక్కో అక్షరం విడదీసి అడిగింది. "చి-త్రా-లు యాడ నాయనా?"

ఈసారి మాట పూర్తిగా వినపడింది. ఆయన విప్పిన గుడ్డ మళ్ళీ తపేలా మీద కప్పేశాడు. "ఇప్పుడే పోయి తెస్తా మేడమ్."

"నేను మధ్యాహ్నం ధర్మవరంలో రైలెక్కాలండీ," అంది శోభారాణి. "ఏమ్మా, ప్రసంగం తెచ్చావా, అదీ ఇంట్లోనేనా?"

సబీనా 'దేశాభివృద్ధిలో ఉపాధ్యాయుని పాత్ర' కంఠతా పట్టింది. నోరు తెరిస్తే అందులో ఒక్క ముక్కా రాలేదు.

"మా నాయనకు చెవుడు లేదు మేడమ్," అని మొదలుపెట్టి ఫోను సంగతి, ఒళ్ళో తపేలా సంగతి వరసగా చెప్పేసింది. చెబుతూనే సుద్దముక్కతో బోర్డు మీద బొమ్మ గీసింది. గదంతా పకపకలాడింది. కూతురు ఏం చెబుతోందో తెలియకపోయినా, అందరూ నవ్వుతున్నారు కదా అని కాలేసాబ్ కూడా నిండుగా నవ్వాడు.

శోభారాణి కళ్ళు తుడుచుకుంది. "బోర్డును ఫైల్లో కుట్టలేం తల్లీ. ఇదిగో కాగితం. దీని మీద వెయ్యి."

వేసింది. ఆవిడ పక్కనే నిలబడి గీత గీతా చూసింది. "ఆ నెమళ్ళు ఎవరు వేశారో దేవుడికే తెలియాలి. ఇది మాత్రం ఈ పిల్ల వేసిందే," అంటూ మూడు భాగాల్లోనూ పాసు మార్కులు వేసి, బొమ్మ మీద సంతకం పెట్టి, సీలు కొట్టింది.

కాలేసాబ్ మెడ సాచి చూశాడు. తపేలా బాగానే కుదిరింది. దాని పైన మనిషి ముక్కు దగ్గర చూపు ఆగిపోయింది.

"ఇంత ముక్కు యాడుండాది పాపా నాకు? కొంచెం చెరుపు."

"ఇంక కుదరదండీ," అని శోభారాణి ఆయన చెవి దగ్గర గట్టిగా చెప్పింది. "సీలు పడింది. ఆ ముక్కు ఇప్పుడు గవర్నమెంటుది."