పెదవుల మీద తులసిదళం

శశిభూషణ శాస్త్రిగారు మంత్రం అందుకుంటే కాలవ అవతల నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు నడుము ఎత్తి ఒక్క క్షణం వినేవారు. మండపేట దగ్గరి ఆ పల్లెలో మైకు లేకుండా పెళ్ళి జరిపించగల పురోహితుడు ఆయనొక్కరే. అలాంటి గొంతు కిందటి మాఘమాసపు పెళ్ళిళ్ళతో బొంగురుపోయింది. కరక్కాయ బుగ్గన పెట్టుకున్నారు, మిరియాల పాలు తాగారు, ఫలితం లేకపోయింది. రాజమండ్రి డాక్టరు సన్నటి గొట్టం లోపలికి పంపి చూసి, స్వరపేటికలో బొడిపెలు లేచాయని చెప్పాడు.

"మామూలు మాటలు నెమ్మదిగా మాట్లాడుకోండి, ఫర్వాలేదు. మంత్రాలు చదవడం మాత్రం మానెయ్యాలండి. గుసగుసగా కూడా వద్దు. మొండికేస్తే ఈ కాస్తా మిగలదు."

తిరుగు బస్సులో భార్యాభర్తలు పక్కపక్కనే కూర్చున్నారు. ద్వారపూడి దాటాక ఉమాశ్రీ కమలాపండు వొలిచి, గింజ తీసి, ఒక తొన ఆయన చేతిలో పెట్టింది. అంతే.

ఊరు ఆయన్ని వదిలిపెట్టలేదు. అదే ఆయనకు సంతోషం, అదే కష్టం. వైశాఖంలో చంద్రరావుగారింట సత్యనారాయణ వ్రతం తలపెట్టారు. చంద్రరావు వరిచేలూ కొబ్బరితోటా ఉన్న రైతు, మాట పెద్దది, మనసు మెత్తన. తానే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఆయ్, పంతులుగారూ, మీరు వచ్చి పీట మీద కూర్చోండి చాలండి. మంత్రం ఫోన్లో పెట్టేద్దాం. అక్షింతలు మాత్రం మీ చేత్తోనే పడాలి మాకు."

కాదనలేక వెళ్ళారు. కథ మూడో అధ్యాయంలో ఉండగా ఫోను ఉన్నట్టుండి కథ ఆపేసి ఏదో సిమెంటు గట్టిదనాన్ని వర్ణించడం మొదలుపెట్టింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. చంద్రరావు "ఓరి దీని..." అని, వ్రతంలో ఉన్నానని గుర్తొచ్చి నాలుక కరుచుకుని, ఫోను బోర్లించాడు. శాస్త్రిగారూ నవ్వారు. కానీ తాంబూలం అందుకునేటప్పుడు దక్షిణ తీసి పళ్ళెంలోనే పెట్టేశారు. "నేను చదవలేదు కదండీ" అన్నారు మెల్లగా.

సాయంత్రానికి ఆ ఇంటి నుంచి అరటిగెల వచ్చింది. దక్షిణ కాదుట, ప్రసాదానికి తెచ్చినవి మిగిలిపోయాయిట.

స్కూటీ మీద ఆ గెల తెచ్చింది చంద్రరావు కూతురు పావని. హైదరాబాదు కంపెనీ ఉద్యోగం ఇంటి మేడ మీద గదిలో కూర్చునే చేసుకుంటోంది. చిన్నప్పుడు ఆ అమ్మాయి వేలు పట్టుకుని పళ్ళెంలో బియ్యం మీద అక్షరాలు దిద్దించింది శాస్త్రిగారే. గెల దించాక వెళ్ళిపోకుండా స్తంభానికి ఆనుకుని నిలబడింది.

"పంతులుగారూ, మీరు డిగ్రీలో లెక్కలు కదండీ?"

"ఎప్పటి మాట తల్లీ అది!"

"రాజమండ్రిలో నాకు తెలిసిన చిన్న కంపెనీ ఒకటుందండి. ఆసుపత్రులకీ కాలేజీలకీ నెట్‌వర్కులు చూసుకుంటారు. ఎక్కడైనా నెట్ ఆగిపోతే వాళ్ళు రాసి పంపుతారు, మనం కంప్యూటర్లో చూసి, సరిచేసి, జవాబు రాయాలి. అంతా రాతే. గొంతుతో పని లేదండి. ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు."

"ఈ వయసులో నాకెవరిస్తారమ్మా?"

"క్లౌడ్ నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ ఉంటే ఇస్తారండి. లేకపోతే ఎవరికీ ఇవ్వరు, నేను చెప్పినా సరే. కార్తీకం వెళ్ళేలోపు మనిషి కావాలన్నారు. పాఠాలు నేను చెప్తాను. నాకు మీరు చెప్పలేదేంటి?"

వంటింటి గుమ్మంలోంచి ఉమాశ్రీ అంది. "ఆయనకి టీవీ రిమోటే సరిగ్గా రాదు, పావనీ."

"రిమోటుకి పరీక్ష పెట్టరు కదండీ!"

మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనాల వేళ పాఠాలు మొదలయ్యాయి. "క్లౌడ్ అంటే మబ్బేం కాదండి" అని మొదలుపెట్టింది పావని. "నాన్న ధాన్యానికి గోడౌను కట్టారా? మిల్లువాళ్ళ గోడౌన్లో చోటు అద్దెకి తీసుకున్నారు. తాళం వాళ్ళదే, కాపలా వాళ్ళదే. పంట ఎక్కువైతే ఎక్కువ చోటు, తగ్గితే తక్కువ. కంప్యూటర్లకీ అంతేనండి."

అది తేలిగ్గానే దిగింది. అడ్రసుల దగ్గర బండి ఆగింది. ప్రతి కంప్యూటరుకీ అంకెలతో ఒక అడ్రసు ఉంటుంది. అందులో ముందు భాగం వీధి, వెనక భాగం ఇల్లు. వీధి ఎక్కడ ముగిసి ఇల్లు ఎక్కడ మొదలవుతుందో లెక్కగట్టి చెప్పాలి. ఎంత చెప్పినా ఆ గీత ఆయనకు కనపడలేదు. ఒక పొద్దున్న సంధ్య వార్చుకుంటూ పెదవులతోనే సంకల్పం చెప్పుకుంటున్నారు. జంబూద్వీపం, అందులో భరతఖండం, అందులో గోదావరీతీరం, అందులో ఈ ఇల్లు, ఈ పీట మీద ఈ మనిషి. ఉద్ధరిణి చేతిలోనే ఉండిపోయింది.

"ఉమా! ఇన్నేళ్ళ నుంచీ దేవుడికి నేను చెప్పుకుంటున్నది అడ్రసే!"

"ఇవాళైనా తెలిసింది, సంతోషం. గొంతు పెంచకండి" అంది ఆవిడ.

ఆ పైన చదువు పరిగెత్తింది. ఆయనకు చదవడమంటే ఒక్కటే పద్ధతి తెలుసు. తండ్రి వేంకటరమణ శాస్త్రిగారు ఒకసారి చెబితే, కొడుకు రెండుసార్లు తిరిగి చెప్పేవాడు. అలా నోట్లో నానితేనే ఏదైనా ఆయనకు పట్టుబడేది. ఇప్పుడు గొంతు లేదు కనక పెదవులతోనే, చప్పుడు లేకుండా చదివేవారు. నెట్‌వర్కులో ఒక్కో పనికి ఒక్కో తలుపు ఉంటుంది, తలుపుకో అంకె. ఆ అంకెలన్నిటినీ స్వరం కట్టి, పైకీ కిందికీ తల ఊపుతూ, పెదవులతో వల్లె వేసేవారు. దూరం నుంచి చూసినవాళ్ళు జపమే అనుకునేవారు.

"మీ తలుపులకి నైవేద్యం కూడా పెట్టమంటారా?" అనేది ఉమాశ్రీ. అంటూనే పక్కన మంచినీళ్ళ గ్లాసు పెట్టి వెళ్ళేది.

ఆశ్వయుజంలో పరీక్ష. పావని గదిలో, ఆ అమ్మాయి కంప్యూటరు మీదే. గదిలో ఇంకెవరూ ఉండకూడదు, చప్పుడు ఉండకూడదు, చేతులు కనపడుతూ ఉండాలి, మాట్లాడకూడదు. ఎక్కడో దూరాన కూర్చున్న పర్యవేక్షకుడు కెమెరాలోంచి అంతసేపూ చూస్తూనే ఉంటాడు. పావని గోడ మీద కేలండరు తీసేసింది. చంద్రరావు ట్రాక్టరు బయటికి తియ్యనివ్వలేదు. పెరట్లో గునపం పాతి కొబ్బరికాయలు వొలుస్తున్న సత్తియ్య, ఎవరూ చెప్పకుండానే లేచి, "పంతులుగారి పరీక్ష అయ్యాక వొలుత్తానండి, కాయలెక్కడికి పోతాయి" అని కాలవగట్టుకి పోయి కూర్చున్నాడు. ఉమాశ్రీ మెట్ల మీద కూర్చుని కోళ్ళను అదిలించింది, అదీ చెయ్యి ఊపి.

పైన శాస్త్రిగారికి ప్రశ్నలు తెలిసిన ముఖాల్లాగే కనిపించాయి. నాలుగైదు దాటాయో లేదో తెర మీద చిన్న పెట్టె తెరుచుకుంది. దయచేసి పెదవులు కదపవద్దు, అని ఇంగ్లీషులో ఉంది. ఆయన ఉలిక్కిపడి పెదవులు బిగించారు. ఇంకాసేపటికి తుమ్ము వచ్చింది. తుమ్మగానే కుడిచెవి ముట్టుకోవడం ఉపనయనం నాటి అలవాటు, చెయ్యి దానంతటదే వెళ్ళింది. మళ్ళీ పెట్టె. రెండు చెవులూ కెమెరాకి చూపించండి. లోపల ఏమైనా పెట్టుకున్నాడేమోనని ఆ మనిషి అనుమానం. ఆయన జుట్టు వెనక్కి తీసి, ఇటు తిరిగీ అటు తిరిగీ చూపించారు. తరవాతి ప్రశ్న కఠినంగా ఉంది, ఒక కాలేజీకి నాలుగు విభాగాలుగా అడ్రసులు పంచాలి. ఆయన లెక్కలో మునిగిపోయారు. మునగగానే పెదవులు మొదలుపెట్టేశాయి.

తెర తెల్లబడింది. పరీక్ష నిలిపివేయబడినది.

మెట్లు దిగుతున్న ఆయన ముఖం చూసి ఉమాశ్రీ లేచి దారిచ్చింది. సంగతి విన్న చంద్రరావు మాత్రం ఊరుకోలేదు.

"ఏంటండీ ఇది! గొంతు పోయిన మనిషిని మాట్లాడుతున్నాడని లేపేస్తారా? ఆ కెమెరాలో కూర్చున్నాయన నెంబరు ఇవ్వమ్మా, నేను మాట్లాడతాను!"

"ఆయన తప్పేం లేదండి చంద్రరావుగారూ" అన్నారు శాస్త్రిగారు. "నేనెవరో ఆయనకి తెలియదు. తెలియని చోట నియమం ఉండాలి. నియమం నాకేమైనా కొత్తా?"

పావని కళ్ళు నీళ్ళతో నిండాయి. "నాదే తప్పండి. మీరలా చదవడం రోజూ చూస్తూనే ఉన్నాను. చెప్పాలని తోచలేదు." రాజమండ్రిలో పరీక్షా కేంద్రం ఉంది కానీ మార్గశిరం దాకా ఖాళీ లేదు. కంపెనీ అన్నాళ్ళు ఆగదు. మిగిలిన దారి, కార్తీకంలో మళ్ళీ ఇదే గది, ఇదే కెమెరా. ఈసారి కూడా పోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది.

ఆ సంధ్యవేళ ఉమాశ్రీ దీపం పెట్టి వచ్చి పక్కన కూర్చుంది. "పోనీ, పెదాలు గట్టిగా మూసుకుని చదవలేరా?"

ఆయన చిన్నగా నవ్వారు. "నాన్నగారు చెప్పేవారు, జపం మూడు రకాలని. పైకి వినపడేది ఒకటి, పెదవులు మాత్రం కదిలేది ఒకటి, మనసులోనే జరిగేది ఒకటి. మూడోదే గొప్పదిట. ఎంత ప్రయత్నించినా నాకు రాలేదు. 'నీ పెదాలు నీ మాట వినవురా' అని నవ్వేవారు. ఆయన పోయేదాకా రాలేదు. ఇప్పుడొస్తుందా?"

మర్నాడు పూజ అయ్యాక ఉమాశ్రీ స్వామి పాదాల దగ్గరి తులసిదళం ఒకటి తెచ్చి ఆయన పెదవుల మధ్య పెట్టింది. "ఇది పడకుండా లెక్క చెయ్యండి" అంది. ప్రసాదం నేల మీద పడకూడదు కనక, తానే చిన్న వెండిపళ్ళెం ఆయన గడ్డం కింద పట్టుకుని కూర్చుంది. రెండో చేత్తో పుస్తకం పట్టుకుని, వచ్చిన ఇంగ్లీషులో ప్రశ్న చదివింది.

దళం పళ్ళెంలో పడింది. కళ్ళకద్దుకుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ పడింది.

"ఈ లెక్కన మన తులసికోట మోడైపోయేలా ఉంది" అంది.

అలా రోజూ. కూర పొయ్యి మీద ఉన్నా సరే, ఆవిడ వచ్చి పళ్ళెం పట్టేది. చెయ్యి లాగితే ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకునేది. చూడ్డానికి వచ్చిన చంద్రరావు గుమ్మంలోనే ఆగి, చెప్పులు విప్పి, ఏదో పూజ జరుగుతోందనుకుని దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయాడు. పెదవులు బిగిస్తే లెక్క తప్పుతోంది, లెక్కలో మునిగితే దళం పడుతోంది. శాస్త్రిగారు బిగించడం మానేశారు. ప్రశ్న వచ్చినప్పుడు తండ్రి గొంతును లోపల వినడం మొదలుపెట్టారు. అంకెలు ఆయన చెబుతున్నట్టు, తాను ఊరికే వింటున్నట్టు. వినేవాడికి పెదవులతో పనేముంది?

కార్తీకం వచ్చాక ఒకరోజు ఉమాశ్రీ ప్రశ్న మీద ప్రశ్న చదువుతూ పోయింది. ఆయన వేలితో జవాబులు చూపిస్తూ పోయారు. చివరికి చూస్తే దళం వాడిపోయింది కానీ పడలేదు.

రెండోసారి పరీక్ష రోజున ట్రాక్టరు కదల్లేదు. సత్తియ్య ముందే గట్టుకి వెళ్ళిపోయాడు. ఉమాశ్రీ మెట్ల మీద కూర్చుంది. పైన తెర మీద పెట్టె ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. నడుమ తుమ్ము మాత్రం వచ్చింది. శాస్త్రిగారి చెయ్యి బల్ల మీదే ఉంది. కుడిచెవిని మనసులోనే ముట్టుకుని తరవాతి ప్రశ్నకు వెళ్ళారు.

దిగి వచ్చేసరికి కింద అందరూ లేచి నిలబడ్డారు. ఆయన ఒకసారి గొంతు సవరించుకోబోయి, డాక్టరు మాట గుర్తొచ్చి మానేసి, చాలా మెల్లగా, "పాసయ్యానండి" అన్నారు.

"హమ్మయ్య! ఒరే సత్తియ్యా, రారా, కాయలు వొలుచుకో!" అని చంద్రరావు గట్టు దాకా వినపడేలా కేకేసి, ట్రాక్టరెక్కి హారను మోగించాడు. అప్పటిదాకా ఊపిరి బిగబట్టుకున్న వీధి అంతా ఒక్కసారి చప్పుడు చేసింది. పావని వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెడితే, అక్షింతలు లేవని ఆయన వట్టి చేతులే ఆ అమ్మాయి తల మీద పెట్టారు.

మర్నాడు పొద్దున్న ఉమాశ్రీ పళ్ళెం తుడుచుకుంటూ వచ్చేసరికి ఆయన పీట మీద తూర్పుముఖంగా కూర్చుని ఉన్నారు. కళ్ళు మూసుకున్నారు. పెదవులు కదలడం లేదు.

"ఏవండీ, పొద్దెక్కుతోంది. ఇంకా జపం మొదలుపెట్టలేదా?"

కునికిపాటేమోనని ఆవిడ దగ్గరికి వచ్చింది. ఉత్తరీయం కింద ఆయన బొటనవేలు ఒక్కో కణుపూ తాకుతూ నెమ్మదిగా జరుగుతోంది. ఒక చుట్టు పూర్తయి, మరో చుట్టు మొదలైంది. పెదవులు మాత్రం ఆ తులసిదళం ఇంకా వాటి మధ్యే ఉన్నట్టు నిశ్చలంగా ఉన్నాయి.

ఉమాశ్రీకి అప్పుడు తెలిసింది. వంటింట్లో కుక్కరు కూత పెట్టబోతుంటే, కొంగు దోపుకుని గబగబా వెళ్ళి మంట తగ్గించింది.